థాయ్ భోజనం – మూడవ పాఠం: అడిగి వడ్డించుకోవడం

గత రెండు పాఠాలలో థాయ్ వంటకు మూలమైన పులుపు, తీపి, ఉప్పు, కారాల పొందికను, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం వంటి దినుసులను పరిచయం చేసుకున్నాము. ఈ పాఠంలో బల్ల ముందు కూర్చొని, మనకు కావలసినదాన్ని థాయ్ మాటలలో అడిగి, వచ్చినదాన్ని అక్కడివారి పద్ధతిలో తినడం నేర్చుకుందాము.

మొదట ఒక్క మాటను పట్టుకోవాలి. ఆ మాట "ఖావ్", అంటే అన్నం. భోజనం చేయడాన్ని థాయ్ వారు "కిన్ ఖావ్", అంటే అన్నం తినడం అంటారు. తెలిసినవారు ఎదురుపడితే "కిన్ ఖావ్ రూ యంగ్", అంటే అన్నం తిన్నారా ఇంకా లేదా అని పలకరిస్తారు. మన ఊళ్ళలో "భోంచేశారా?" అన్న పలకరింపులో ఎంత ఆప్యాయత ఉంటుందో ఇందులోనూ అంతే ఉంటుంది. కూరలను, వేపుళ్ళను కలిపి "కప్ ఖావ్" అంటారు. ఆ మాటకు అన్నంతో పాటు ఉండేవి అని అర్థం. "అన్నంలోకి ఏమిటి?" అని మనం అడిగే ప్రశ్నలోని భావమే ఇది. థాయ్ బల్ల మీద అన్నమే అసలు భోజనమని, మిగిలినవన్నీ దానికి తోడు వచ్చినవని గుర్తుంచుకుంటే, ముందు చెప్పబోయే మర్యాదలలో చాలా భాగం వాటంతట అవే అర్థమవుతాయి.

ఇక ఉచ్చారణ. ఇక్కడ తెలుగు లిపి మనకు గొప్ప సాయం చేస్తుంది. థాయ్ భాషలో అల్పప్రాణానికి, మహాప్రాణానికి మధ్య ఉన్న తేడా అర్థాన్నే మార్చేస్తుంది. "కై" అంటే కోడి, "ఖై" అంటే గుడ్డు. రెండింటినీ ఒకే మంద్రస్వరంలో పలుకుతారు కాబట్టి స్వరం మనల్ని ఆదుకోదు. ఆ ఒత్తు ఒక్కటే తేడా. మన లిపిలో ఈ రెండు అక్షరాలూ ఉన్నా, రోజువారీ మాటలలో మనం ఒత్తును తేలిగ్గా వదిలేసి పలకడం అలవాటు కనుక పొరపాటుకు అవకాశం ఉంది. బ్యాంకాక్‌లో ఒక చిన్న దుకాణంలో మా పెద్దమ్మ కోసం గుడ్డుతో వేయించిన అన్నం చెప్పబోయాను. ఆవిడ గుడ్డు తింటుంది కానీ మాంసం ముట్టదు. "ఖావ్ ఫట్ ఖై" అనవలసిన చోట నా నోట "ఖావ్ ఫట్ కై" అని వచ్చింది. వచ్చిన పళ్ళెంలో అన్నం నిండా కోడి మాంసం ముక్కలున్నాయి. ఆవిడ ఏమీ అనకుండా పళ్ళెం అంచున పెట్టిన దోసకాయ చక్రాలను, నిమ్మబద్దను మాత్రం తీసుకొని పళ్ళాన్ని నా వైపు జరిపింది. వంట చేసినవారు నేను చెప్పినదే చేశారు. ఆ రోజు నుంచి నేను ఎవరికి థాయ్ మాటలు చెప్పినా ఈ జంటతోనే మొదలుపెడుతున్నాను.

అభ్యాసం ఇలా చేయండి. సన్నని కాగితం ముక్కను పెదవులకు నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకొని "కై" అనండి. కాగితం కదలకూడదు. "ఖై" అన్నప్పుడు అది స్పష్టంగా ఊగాలి. పది పదిహేను సార్లు చేస్తే తేడా నాలుకకు కాకుండా ఊపిరికి అలవాటవుతుంది. ఇదే పద్ధతిలో చేపకు "ప్లా", రొయ్యకు "కుంగ్", పంది మాంసానికి "మూ", కారానికి "ఫెట్" సాధన చేయండి. ఈ పాఠాలలో "ఫ" అని రాసిన చోటల్లా పకారానికి ఒత్తు ఇచ్చి పలకాలే తప్ప, ఈ రోజుల్లో "ఫోను" అన్నప్పటిలా పంటితో పెదవిని నొక్కి పలకకూడదు. ప్రతి వాక్యం చివర పురుషులు "ఖ్రప్" అని, స్త్రీలు "ఖ" అని చేర్చాలి. అది మన "అండీ" వంటిది. అది లేని వాక్యం అర్థమవుతుంది కానీ మొరటుగా వినిపిస్తుంది.

దుకాణంలో వడ్డించేవారిని ఎలా పిలవాలన్నది మనకు సులభంగా పట్టుబడుతుంది. వారూ మనలాగే ముక్కూ మొహం తెలియనివారిని వరుస పెట్టి పిలుస్తారు. తనకన్నా కాస్త పెద్దవారిని "ఫీ" అంటారు. అక్కకూ అన్నకూ అదే మాట. చిన్నవారిని "నోంగ్" అంటారు. తల్లిదండ్రుల కన్నా పెద్ద వయసున్న స్త్రీని "పా", అంటే పెద్దమ్మ అనవచ్చు. అయితే వయసు అంచనా తప్పితే నొచ్చుకుంటారు కనుక సందేహం వచ్చినప్పుడు "ఫీ" అనడమే మేలు.

శాకాహారులు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. థాయ్‌లో శాకాహారానికి "మంగ్సవిరట్" అన్న మాట ఉంది. చెవి పెట్టి వింటే అది మన "మాంసవిరతి" అని తెలుస్తుంది. కానీ ఆ మాట అన్నంత మాత్రాన చేపల రసం, అంటే "నమ్ ప్లా", పడకుండా ఉంటుందని అనుకోకూడదు. మన వంటలో ఉప్పు చేసే పని అక్కడ చాలావరకు ఆ రసమే చేస్తుంది. కాబట్టి "మై సై నమ్ ప్లా", అంటే చేపల రసం వేయవద్దు అని విడిగా చెప్పాలి. వేపుళ్ళకు "మై సై నమ్ మన్ హోయ్" అని కూడా చేర్చాలి. అది ఆల్చిప్పల సాస్. బొప్పాయి కాయతో చేసే "సోమ్ తమ్"ను రోటిలో అప్పటికప్పుడు దంచుతారు కనుక దంచకముందే రోటి పక్కన నిలబడి "మై సై కుంగ్ హేంగ్", అంటే ఎండు రొయ్యలు వేయవద్దు అని కూడా చెప్పాలి. కొబ్బరిపాల కూరల సంగతి వేరు. వాటి ముద్దను నూరేటప్పుడే సాధారణంగా "కపి" అనే రొయ్యల ముద్దను కలుపుతారు. దుకాణానికి వచ్చేసరికి దాన్ని విడదీయడం ఎవరి వల్లా కాదు, వంట చేసేవారిని అడిగి ఇబ్బంది పెట్టడం న్యాయమూ కాదు. అటువంటప్పుడు పసుపు రంగు జెండా మీద ఎర్ర అక్షరాలతో "చే" అని రాసిన దుకాణం వెతుక్కోవాలి. అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. చైనా చాంద్రమాన పంచాంగం ప్రకారం తొమ్మిదవ నెలలో తొమ్మిది రోజుల పాటు జరిగే శాకాహార పండుగ సమయంలో, ముఖ్యంగా ఫుకెట్‌లో, ఈ జెండాలు వీధి వీధినా కనిపిస్తాయి.

కారం విషయంలో మనవారికి ఒక మాట. ఆవకాయ తిని పెరిగినవారు కూడా మొదటి రోజున "ఫెట్ నిట్ నోయ్", అంటే కొంచెం కారం చాలు అని చెప్పండి. మన కారం ఎక్కువగా ఎండుమిరప పొడిగా, నూనెలో కలిసి వస్తుంది. అక్కడ వేలి కొనంత లేని పచ్చిమిరపకాయలు పచ్చిగానే దంచి పడతాయి. ఆ తీరు వేరు. మరొకటి, "ఫట్ కఫ్రావ్" అనే వేపుడులో పడే ఆకు మన తులసి జాతిదే. ఆ సంగతి ముందే తెలిస్తే తినాలా వద్దా అన్నది నెమ్మదిగా నిర్ణయించుకోవచ్చు.

ఇప్పుడు తినడం. కుడి చేతిలో చెంచా, ఎడమ చేతిలో ఫోర్కు ఉండాలి. ఫోర్కు పని అన్నాన్ని చెంచాలోకి నెట్టడం మాత్రమే, దానిని నోట్లో పెట్టుకోరు. ముక్కలన్నీ వంటగదిలోనే తరుగుతారు కనుక కత్తి ఉండదు. తినే పుల్లలను, అంటే చాప్‌స్టిక్స్‌ను, నూడుల్స్‌కే వాడతారు. కూరలు అందరికీ కలిపి బల్ల మధ్యలో పెడతారు, అన్నం మాత్రం ఎవరిది వారికి వస్తుంది. ఒక కూర నుంచి "ఛోన్ క్లాంగ్" అనే వడ్డన చెంచాతో ఒకటి రెండు చెంచాలు అన్నం మీద వేసుకొని, అది తిన్న తరువాతే మరో కూర వైపు చేయి చాపాలి. అన్నీ ఒకేసారి పళ్ళెంలో పోసుకుంటే మిగిలినవారికి ఉండదేమోనన్న భయం చూపినట్లవుతుంది. నూడుల్స్ దుకాణంలో పంచదార, మిరపపొడి, మిరపకాయలు వేసిన వినిగర్, చేపల రసం ఉన్న నాలుగు గిన్నెలు ఉంటాయి. ముందు రుచి చూసి, తరువాత కలుపుకోవచ్చు. అది వంటను తప్పుపట్టడం కాదు.

ఎవరింటికైనా వెళితే చెప్పులు గుమ్మం బయటే విడవాలి. చాప మీద కూర్చున్నప్పుడు పాదాలు మనుషుల వైపు గానీ బుద్ధ విగ్రహం వైపు గానీ చాపకుండా, రెండు కాళ్ళూ ఒక పక్కకు మడిచి కూర్చోవాలి. పిల్లలను ముద్దు చేస్తూ తల నిమరకూడదు. చిల్లర నోటు గాలికి ఎగిరితే కాలితో తొక్కి ఆపకూడదు, దాని మీద రాజుగారి బొమ్మ ఉంటుంది. ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు సంతలోనో స్టేషన్‌లోనో జాతీయగీతం వినిపిస్తే అందరితో పాటు నిలబడాలి.

ఈ వారం అభ్యాసంగా "కై", "ఖై" జంటను రోజూ పలకండి. మీ ఇంట్లోనే ఒక పూట కూరలన్నీ మధ్యలో పెట్టి, చెంచా ఫోర్కులతో, ఒకసారికి ఒకే కూర వేసుకుంటూ భోంచేయండి. చివర్లో బిల్లు అడిగే మాట "కెప్ తంగ్" కూడా అందులోనే సాధన చేయండి. నాల్గవ పాఠంలో చెంచా పక్కన పెట్టి, థాయ్‌లాండ్ ఈశాన్య భాగమైన ఈసాన్ ప్రాంతంలో "క్రతిప్" అనే వెదురు బుట్టలో వచ్చే జిగురన్నాన్ని కుడి చేత్తో చిన్న ముద్ద చేసి అద్దుకు తినడం నేర్చుకుంటాము.