మనసు బాగోలేనప్పుడు ఒంటిని మెల్లగా కదిలించడం ఎలా?

దిగులుతో మంచం దిగడమే కష్టంగా ఉన్న మనిషికి "రోజూ గంట నడవండి, అన్నీ సర్దుకుంటాయి" అని చెప్పడం తేలిక. సలహా మంచిదే, మోతాదే ఎక్కువ. మొదటి రోజు ఎలాగో నడుస్తారు, రెండో రోజు కాళ్లు లాగుతాయి, మూడో రోజు మానేస్తారు. ఆ పైన "ఇది కూడా నా వల్ల కాలేదు" అన్న బాధ ఒకటి మిగులుతుంది. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ కొద్దికొద్దిగా, నెమ్మదిగా, ధ్యాస ఒంటి మీద ఉంచి చేసే కదలికలు. వీటికి జిమ్ అక్కర్లేదు, మ్యాట్ కూడా అక్కర్లేదు.

కదలిక వల్ల మనసుకు మేలు జరుగుతుందనడానికి మంచి ఆధారాలున్నాయి. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనం వాటిలో ఒకటి. 50 ఏళ్లు, ఆపైబడి డిప్రెషన్‌తో బాధపడుతున్న 156 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికి మూడుసార్లు నడక, జాగింగ్ లాంటివి చేసింది, ఇంకో గుంపు డిప్రెషన్‌కు ఇచ్చే సెర్ట్రలిన్ మందు వాడింది, మూడోది రెండూ చేసింది. 16 వారాల తర్వాత మూడు గుంపులూ ఇంచుమించు ఒకే స్థాయిలో మెరుగయ్యాయి. అయితే మందు వాడినవాళ్లకు తేడా ముందుగా కనిపించింది. పైగా ఆ వ్యాయామం కాస్త చురుకైనదే, దగ్గరుండి చేయించారు కూడా. కాబట్టి ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్రలు ఆపకండి.

ముందుగా ఒంటి సంగతి చూసుకోండి

నిస్సత్తువ, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, వీటి వెనక థైరాయిడ్ తేడాలు, రక్తహీనత, బి12 లోపం కూడా ఉండొచ్చు. మన ఇళ్లలో ఆడవాళ్ల విషయంలో వీటిని "బద్ధకం" అని తీసిపారేయడం మామూలైపోయింది. ఒకసారి రక్త పరీక్ష చేయించుకుంటే అనుమానం తీరుతుంది.

గుండె జబ్బు ఉన్నవాళ్లు, నడిస్తే ఛాతీలో నొప్పి లేదా కళ్లు తిరగడం వచ్చేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. బీపీకీ డిప్రెషన్‌కీ వాడే కొన్ని మందులతో చటుక్కున లేస్తే తల తిరుగుతుంది. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని అప్పుడు లేవండి. మానసిక సమస్యలకు ఇచ్చే లిథియం మందు వాడుతున్నవాళ్లు ఎండలో చెమటోడ్చకూడదు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు స్థాయి పెరిగిపోతుంది.

మోతాదును మీ అధ్వాన్నమైన రోజుకు తగ్గట్టు పెట్టుకోండి

బాగున్న రోజున ఎంత చేయగలనా అని లెక్క వేసుకోవద్దు. రాత్రంతా నిద్రపట్టక, తెల్లారి ఎవరితోనూ మాట్లాడాలని లేని రోజున ఎంత చేయగలరు? చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లి రావడమా? అయితే అదే మీ మోతాదు. బాగున్న రోజు ఇంకొంచెం నడిచినా మంచిదే, నడవకపోయినా లోటేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం అవసరమని చెబుతుంది. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలైనా ఉండాలన్న పాత షరతును మాత్రం 2020లో తీసేసింది. అంటే మీ నాలుగు నిమిషాలూ లెక్కలోకి వస్తాయి.

"మూడ్ బాగుంటే వెళ్తాను" అనుకుంటే మాత్రం ఆ రోజు రాదు. దిగులు మనిషిని కూర్చోబెడుతుంది, కూర్చున్నకొద్దీ దిగులు పెరుగుతుంది. మానసిక వైద్యులు ఈ చుట్టును కదలిక వైపు నుంచి తెంచమంటారు: ముందు చిన్న పని చేయాలి, ఇష్టం తర్వాత నెమ్మదిగా వస్తుంది. అందుకని టైమును గడియారానికి కాకుండా, రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెట్టండి. పొద్దున కాఫీ తాగిన గ్లాసు సింకులో పెట్టగానే చెప్పులేసుకోవాలి. లేదా పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించాక ఇంట్లోకి రాకుండా అటునుంచి అటే నాలుగడుగులు వేయాలి.

నడక: దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి

ఫోన్ ఇంట్లో పెట్టేయండి. కుదరకపోతే సైలెంట్‌లో పెట్టి జేబులో ఉంచండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ ప్రయత్నించకుండా మామూలుగా నడవండి. ఆ తర్వాత వేగం కొంచెం తగ్గించి ధ్యాసను అరికాళ్లకు తీసుకెళ్లండి. మడమ నేలకు ఆనడం, బరువు అరికాలి మీదుగా ముందుకు జరగడం, చివరికి వేళ్లు నేలను నెట్టడం, ఈ మూడూ తెలుస్తూ ఉండాలి.

ఇది మనకు కొత్తేమీ కాదు. గుళ్లో ప్రదక్షిణ ఎలా చేయాలో పెద్దవాళ్లు చెప్పేవారు: నిండు గర్భిణి నెత్తిన నిండు కుండ పెట్టుకుని నడిచినట్టు, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లాలని. ఆ నడకలో పరుగుండదు, నాలుక మీద ఏదో ఒక నామం ఉంటుంది, మనసు పరిగెత్తినప్పుడల్లా ఆ నామం దగ్గరికి తిరిగొస్తుంది. భక్తి ఉన్నవాళ్లు ఇంటి ముందు నడిచేటప్పుడు కూడా అలాగే నామం పట్టుకోవచ్చు. అది నచ్చనివాళ్లు అడుగులు లెక్కపెట్టుకోవచ్చు: ఒకటి నుంచి పది, మళ్లీ ఒకటి నుంచి.

మధ్యలో మనసు ఈఎంఐ మీదికో, నిన్న అత్తగారన్న మాట మీదికో, అబ్బాయి మార్కుల మీదికో పోతుంది. పోనివ్వండి. పోయిందని తెలిసిన క్షణాన మళ్లీ మడమ దగ్గరికి రండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా. పది నిమిషాల్లో ముప్పైసార్లు పోయి ముప్పైసార్లు వచ్చినా ఆ రోజు సాధన చక్కగా జరిగినట్టే, ఎందుకంటే తిరిగి రావడమే ఇక్కడ నేర్చుకుంటున్న పని. ఒకే ఆలోచన గంటలకొద్దీ తిరుగుతూ వేధించేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. నాలుగు రోజులకు చూస్తే రాత్రి పడుకున్నప్పుడు కూడా "మళ్లీ అదే ఆలోచనలో పడ్డాను" అని కాస్త ముందే తెలుస్తుంది.

అరికాళ్ల మీద ధ్యాస విసుగనిపిస్తే చెవులకు మార్చండి. గోరింకల గోల, ఎవరింట్లోనో కుక్కర్ కూత, దూరంగా బస్సు హారన్, వచ్చినది వచ్చినట్టు వినండి.

ఎక్కడ నడవాలి? హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు, విశాఖలో ఆర్కే బీచ్, వరంగల్‌లో భద్రకాళి బండ్ దగ్గర్లో ఉంటే అదృష్టమే. చెట్లూ నీళ్లూ ఉన్నచోట మనసు త్వరగా తేలికపడుతుంది. లేకపోతే డాబా, అపార్ట్‌మెంట్ కారిడార్, పెరడు, ఏదైనా సరిపోతుంది. తెల్లవారుజామున ఒంటరిగా సందుల్లో తిరగడానికి చాలామంది ఆడవాళ్లు జంకుతారు. కుక్కల భయమూ నిజమే. అలాంటప్పుడు ధైర్యం తెచ్చుకునే ప్రయత్నం పెట్టుకోకుండా నేరుగా డాబా ఎక్కేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఏడు గంటల్లోపే ముగించాలి. చికాగోలోనో టొరంటోలోనో ఉంటూ చలికాలంలో దిగులు ఎక్కువయ్యేవాళ్లు మధ్యాహ్నం వెలుతురు ఉన్నప్పుడే బయటికి వెళ్లడం మంచిది.

వేగం ఎంతుండాలంటే, పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. ఆందోళన ఎక్కువగా ఉండేవాళ్లకు ఇది ముఖ్యం. వేగంగా నడిస్తే గుండె కొట్టుకోవడం పెరుగుతుంది, ఆ దడను చూసి "మళ్లీ ప్యానిక్ వచ్చేస్తోంది" అని భయపడతారు. కొన్ని వారాలు మెల్లగా నడిచి, తర్వాత కొద్దికొద్దిగా వేగం పెంచితే, దడ వచ్చినా ప్రమాదం లేదని ఒంటికి అలవాటవుతుంది.

బయటికి వెళ్లలేని రోజు, కుర్చీలోనే

మోకాళ్ల నొప్పులవాళ్లు, నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు ఇది చేసుకోవచ్చు. పాదాలు రెండూ నేలకు ఆనించి కూర్చోండి. ఊపిరి పీలుస్తూ భుజాలు చెవుల దాకా ఎత్తండి, వదులుతూ ఒక్కసారిగా జారవిడవండి. ఐదుసార్లు చాలు. తర్వాత తలను ఒక పక్కకు, ఇంకో పక్కకు వంచండి. మెడను వెనక్కి గుండ్రంగా తిప్పొద్దు, మెడ అరుగుదల ఉన్నవాళ్లు మరీనూ.

ఆ తర్వాత పిడికిళ్లు ఐదు సెకన్లు గట్టిగా బిగించి వదిలేయండి, వదిలాక పదిహేను సెకన్ల పాటు చేతుల్లో ఏం తెలుస్తోందో గమనించండి. ఇలాగే కాలివేళ్లు, పొట్ట, చివరగా దవడ. కండరాన్ని ముందు బిగించి ఆపై వదలడం అమెరికన్ వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ గత శతాబ్దం తొలి సగంలో రూపొందించిన పద్ధతి. దవడను మాత్రం మరచిపోకండి. పళ్లు బిగించుకుని ఉన్నామని మనలో చాలామందికి ఎవరైనా చెప్పేదాకా తెలియదు.

చివర్లో ఊపిరి

నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి పనివల్ల గుండె వేగం సహజంగానే తగ్గుతుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. రెండు మూడు నిమిషాలు చాలు. లెక్క ఇబ్బందిగా ఉంటే భ్రామరి చేయండి: పెదవులు మూసి తుమ్మెదలా మ్‌మ్‌మ్ అంటూ వదిలితే లెక్క లేకుండానే ఊపిరి పొడవవుతుంది. తల తేలిపోతున్నట్టు ఉంటే ఆపి మామూలుగా పీల్చుకోండి. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైన వాటిని ఆందోళన, ప్యానిక్, హైబీపీ, బైపోలార్ సమస్య ఉన్నవాళ్లు టీవీలో చూసి చేయకండి.

కళ్లు మూసుకోవడం అందరికీ పడదు. గతంలో ఏదైనా ఘోరం అనుభవించినవాళ్లకు కళ్లు మూస్తే ఆ దృశ్యాలే రావచ్చు. అలాంటివాళ్లు కళ్లు తెరిచి, గోడ మీద ఒక చోట చూపు నిలిపి చేయొచ్చు. అప్పుడూ కష్టంగా ఉంటే ఊపిరి మీద ధ్యాస వదిలేసి నడకకే పరిమితం కావడం మేలు.

గోడ మీది కేలెండర్‌ను వాడుకోండి

చేసిన రోజున తారీఖు పక్కన ఒక చుక్క పెట్టండి. కదిలే ముందు మనసు బరువు పదికి ఎంత, తర్వాత ఎంత అని రెండు అంకెలు కూడా రాస్తే ఇంకా మంచిది. ఏడు నుంచి ఆరుకు తగ్గినా అది తగ్గడమే, అది రాసిపెట్టుకోకపోతే సాయంత్రానికి గుర్తుండదు. చుక్కలు లేని రోజులు వస్తాయి. వాటిని పూడ్చడానికి మర్నాడు రెట్టింపు చేయకండి, మామూలు మోతాదే చేయండి.

ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే, "కాస్త వాకింగ్‌కి వెళ్లొచ్చుగా" అని కుర్చీలోంచి చెప్పడం ఆపేయండి. చెప్పులేసుకుని వాళ్ల ముందు నిలబడి "వదినా, నేను పాల ప్యాకెట్‌కి వెళ్తున్నా, తోడు రా" అనండి. దారిలో బోధలు వద్దు, పక్కన నడవండి చాలు.

ఇది సరిపోనప్పుడు

రెండు వారాలకు మించి దిగులు తగ్గకపోయినా, నిద్రా ఆకలీ పాడైనా, పని చేసుకోలేకపోతున్నా సైకియాట్రిస్ట్‌ని కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చుక్కలూ అంకెలూ రాసుకున్న ఆ కేలెండర్ కాగితం ఫొటో తీసుకుని వెళ్లండి. "ఎలా ఉంటోంది?" అని అడిగినప్పుడు మాటలు రాకపోతే అది చూపించవచ్చు.