సెస్నా 172 రన్‌వే వదలడం లేదా? ముందు ఎండ ఎంతుందో చూడండి

లక్షణం: నాలుగు సీట్ల ఈ చిన్న విమానానికి థ్రాటిల్ పూర్తిగా ఇచ్చారు, ఇంజిన్ శబ్దంలో తేడా లేదు. అయినా నేల వదిలే వేగం 55 నాట్లు అందుకునేసరికి పొద్దున పట్టిన దానికంటే చాలా ఎక్కువ రన్‌వే అయిపోతోంది. లేచాక ఎత్తు కూడా అందుకోవడం లేదు.

విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) చూశారా? చాలామంది చూడరు. వెనక గాలి ప్రతి 2 నాట్లకూ దూరం 10 శాతం పెరుగుతుంది. అదే 10 శాతం తగ్గాలంటే ఎదురుగాలి 9 నాట్లు కావాలి. బరువు మళ్లీ లెక్కేయండి: 10 శాతం పెరిగితే దూరం దాదాపు 20 శాతం పెరుగుతుంది.

ఇవి సరిగ్గానే ఉంటే కారణం డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు. ఏ డయల్ మీదా కనబడదు కాబట్టే మోసం చేస్తుంది. హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తులో ఉంది. ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత (విమాన లెక్కల్లో ఆధారంగా తీసుకునేది) 11.5 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే తేడా 30 దాటుతుంది. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే విమానానికి అది సుమారు 5,400 అడుగుల ఎత్తున్న ఊరే. గాలి పలచబడి ఇంజిన్, ప్రొపెల్లర్, రెక్క మూడూ ఒకేసారి నీరసిస్తాయి. వేగం చూపే సూది 55 దగ్గరే ఉంటుంది గానీ నేల మీద అసలు వేగం దాదాపు 60. వేగం 8 శాతం పెరిగితే పరుగు దూరం 17 శాతం దాకా పెరుగుతుంది. తగ్గిన పవర్ దెబ్బ దానికి అదనం.

పరిష్కారం: ఆల్టిమీటర్‌ను (ఎత్తు చూపే మీటరు) ప్రామాణిక పీడనం 1013 హెక్టోపాస్కల్స్‌కి తిప్పండి, అది చూపేదే ప్రెషర్ ఆల్టిట్యూడ్. దాంతో, బయటి ఉష్ణోగ్రతతో విమానం హ్యాండ్‌బుక్‌లోని టేకాఫ్ దూరాల పట్టిక చూడండి. వచ్చిన అంకె కొత్త విమానానిది, అనుభవజ్ఞుడైన టెస్ట్ పైలట్‌ది. మీరు అదనంగా మార్జిన్ కలుపుకోవాలి. సరిపోకపోతే ఇంధనమో మనిషినో దింపండి, లేదా తెల్లవారుజామున బయల్దేరండి. మిక్స్చర్ (ఇంజిన్‌కెళ్లే ఇంధనం, గాలి పాళ్లు) హ్యాండ్‌బుక్ చెప్పినట్టు సరిచేయండి, ఇంధనం ఎక్కువుండే ఫుల్ రిచ్‌లో వదిలేస్తే మిగిలిన పవర్ కూడా పోతుంది. ముక్కు మాత్రం తొందరపడి ఎత్తకండి: డ్రాగ్ (గాలి నిరోధం) పెరిగి, నేలకు ఆనుకున్న గాలిలో తేలి, పైకి వెళ్లలేక ఇరుక్కుంటారు.

సగం రన్‌వే దగ్గర 38 నాట్లు రాలేదా, థ్రాటిల్ మూసి ఆపేయండి.

పట్టేసిన బ్రేకు, గాలి తగ్గిన టైరు, బలహీనమైన మాగ్నెటో (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే భాగం) అరుదు. టాక్సీలో (రన్‌వే దాకా నడిపేటప్పుడు), రనప్‌లోనే (టేకాఫ్‌కు ముందు ఇంజిన్ పరీక్ష) బయటపడతాయి. పొడి గడ్డి నేలైతే పరుగుకు 15 శాతం కలపండి.