పాత నల్ల సైకిల్ కొని తొక్కేటట్టు చేసుకోవడం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పాత సైకిల్ కోసం వెతికేవారు ఏ భాగం ఇప్పటికీ కొట్లో దొరుకుతుందో, ఏది పోతే మళ్లీ దొరకదో ముందుగా తెలుసుకుని, దొరకనివాటిని చూసి మాత్రమే బండిని ఎంచుకోవాలి. 28 × 1½ అంగుళాల టైర్లు, ట్యూబులు, చైను, ఫ్రీవీలు, చక్రాల పుల్లలు, బేరింగు గుండ్లు, పెడల్ కాడను (క్రాంకును) ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు ఈనాటి నల్ల సైకిళ్లకూ వాడేవే కనుక, అవి ఎంత అరిగిపోయి ఉన్నా దిగులు పడనక్కరలేదు. ఫ్రేము, ఫోర్కు, పెడళ్ల దగ్గర చైనును తిప్పే, కంపెనీ గుర్తు ఉన్న పళ్లచక్రం (చైన్‌వీలు), హ్యాండిల్ కింది ముందు మెడ మీది ఇత్తడి బిళ్ల, తీగకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే రాడ్ బ్రేకుల ముక్కలు, తోలు సీటు మాత్రం అలాంటివి కావు.

1953 దాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. 1949లో మద్రాసులో మొదలైన టి.ఐ. సైకిల్స్ వారి హెర్క్యులిస్, ఫిలిప్స్ బండ్లు మన వైపు పాత ఇళ్లలో కనబడడానికి ఆ దగ్గరితనమూ ఒక కారణమని నేననుకుంటాను. అసన్‌సోల్‌లో తయారైన సేన్-ర్యాలీలు, అరుదుగా ఇంగ్లండు నుంచి దిగిన ర్యాలీ, రడ్జ్, హంబర్ బండ్లు కూడా తగులుతాయి. బిళ్ల ఊడిపోయినా చైన్‌వీలును చూసి వీటిని పోల్చవచ్చు: ర్యాలీ చక్రంలో కొంగ బొమ్మలు, రడ్జ్‌లో అరచెయ్యి, హంబర్‌లో చిన్న మనుషుల బొమ్మలు ఉంటాయి. పాత ఇనుప సామాను కొట్లలో వెతకడం కన్నా చంద్రగిరి, పాకాల చుట్టుపక్కల పల్లెల్లోనూ, నగరి, పుత్తూరు వైపు మగ్గాల ఊళ్లలోనూ అడగడం మేలు. కొట్టుకు చేరేసరికి బిళ్ల, డైనమో, బెల్లు విడివిడిగా అమ్ముడైపోయి ఉంటాయి. పాలు పోసేవారు వాడిన బండి అయితే వెనక చక్రాన్ని జాగ్రత్తగా చూడాలి. ఏళ్ల తరబడి క్యాన్ల బరువు మోసిన పుల్లలు పైకి బాగున్నా లోపల అలసి ఉంటాయి కనుక వాటన్నిటినీ మార్చే ఖర్చును బేరంలోనే తగ్గించుకోవాలి.

ఫ్రేమును పగటి వెలుతురులోనే చూడాలి. మొదట ముందు మెడకు వెనకగా, ఏటవాలుగా దిగే కింది గొట్టం అడుగున వేలు ఆనించి జరపాలి. అక్కడ ఉబ్బుగాని, అడ్డంగా రంగు పగిలిన గీతగాని తగిలితే ఆ బండి ఎప్పుడో ఎదురుగా గుద్దుకున్నదని అర్థం. తర్వాత ఒక దారాన్ని వెనక చక్రం బిగించే ఒక చెవి నుంచి మెడ చుట్టూ తిప్పి రెండో చెవికి బిగువుగా కట్టి, సీటు గొట్టానికి రెండు వైపులా దారం ఎంత ఎడంగా ఉందో కొలవాలి. రెండు కొలతలూ సమానమైతే ఫ్రేము వంగకుండా తిన్నగా ఉన్నట్టే. పెడళ్ల ఇరుసు ఉండే డబ్బా అడుగున నీరు నిలిచి తుప్పు తినేసి ఉంటుంది. రూపాయి బిళ్లతో తడితే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన ఇనుము మొద్దుగా పలుకుతుంది. సీటు గొట్టం, హ్యాండిల్ కదులుతున్నాయో లేదో అక్కడే తిప్పి చూడడం మంచిది, ఎందుకంటే తుప్పు పట్టి అతుక్కుపోయిన సీటు గొట్టాన్ని ఊడదీయడమే ఒక్కోసారి బండి మొత్తం ఓవరాయిలింగ్ కన్నా పెద్ద పని అవుతుంది.

నేను మొదటిసారి కొన్నది తిరుపతిలో కొత్తగా రంగు వేసి, అద్దంలా మెరుస్తూ ఉన్న బండి. నెల తిరగకముందే మెడ దగ్గర రంగు పొరలు పొరలుగా లేచి, కింద గుంటలు పూడ్చే లాంబీ (లప్పం), దాని కింద వెల్డింగు అతుకు బయటపడ్డాయి. చిత్తూరులో ముసలి మెకానిక్కుకు చూపిస్తే, ‘రంగు చూసి కొంటిరా సార్? మెడ కింద చెయ్యి పెట్టి చూసింటే తెలిసిపోయుండేది కదా’ అన్నాడు. వెలిసిన అసలు రంగుతో, దుమ్ముతో, తుప్పుతో ఉన్న బండి తన లోపాలను దాచుకోలేదు. అందుకే ఇప్పుడు నేను కొత్త రంగు కనబడితే వెనుదిరుగుతాను.

డబ్బు ఇచ్చేముందు ఫ్రేము నంబరు ఉన్నదో లేదో చూసి, సాధారణంగా సీటు బిగింపు దగ్గరో డబ్బా అడుగునో కొట్టి ఉండే ఆ నంబరును రాసి అమ్మినవారి చేత సంతకం చేయించిన కాగితం తీసుకోవాలి. ఒకప్పుడు మునిసిపాలిటీలు, పంచాయతీలు సైకిళ్లకు ఇచ్చిన లైసెన్సు బిళ్ల ఏదైనా ఇంకా బండికి బిగించి ఉంటే దాన్ని తీసేయకూడదు. దాని మీది సంవత్సరం బండి వయసుకు సాక్ష్యం.

ఇంటికి తెచ్చాక విప్పేముందు అన్ని వైపులా ఫొటోలు తీసుకుని, మరలన్నిటికీ రెండు రోజులు నూనె పట్టించి వదిలేయాలి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది. సవ్యదిశలో తిప్పితేనే వదులవుతుంది. పెడళ్ల ఇరుసు గుండ్లు కూర్చునే కప్పుల్లో కుడివైపు చైను పక్కనుండేదీ అంతే, దాన్ని ఊడదీయకుండా ఉన్నచోటనే గుడ్డతో తుడవడం ఉత్తమం. నాటింగ్‌హామ్‌లో తయారైన ర్యాలీ అయితే ఇక్కడ మరింత జాగ్రత్త కావాలి: మిగతా ఇంగ్లీషు బండ్లలో చాలావాటికి కప్పు మర అంగుళానికి 24 చుట్లు ఉంటే వాటికి 26 ఉంటాయి కనుక కొత్త కప్పులు పట్టవు, బలవంతంగా తిప్పితే ఫ్రేము మరే చెడిపోతుంది.

అందరూ పాడుచేసేది కాటర్ పిన్నుల దగ్గర. నట్టును పిన్ను కొనతో సమానంగా వచ్చేదాకా వదులుచేసి, క్రాంకు కింద గట్టి ఇనుప గొట్టాన్ని నిలువుగా ఆనించి, బరువైన సుత్తితో ఒక్క దెబ్బ సూటిగా వేయాలి. చిన్న చిన్న దెబ్బలు పది వేస్తే పిన్ను వంగిపోతుందే తప్ప ఊడదు. కొత్తవి కొనేటప్పుడు పాతవాటిని కొట్టుకు తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. బిగించాక రెండు పెడళ్లూ ఒకే గీతలో రాకపోతే ఒక పిన్ను తలకిందులైనట్టు.

పెడళ్ల ఇరుసులో సాధారణంగా పక్కకు 11 చొప్పున పావు అంగుళం గుండ్లు, వెనక చక్రంలో అదే పరిమాణానివి పక్కకు 9 ఉంటాయి. అయినా ఊడదీసినప్పుడు లెక్కపెట్టి రాసుకోవాలి. కిరసనాయిలు దొరకకపోతే డీజిల్‌తో కడిగి, ఇరుసు మీద గుండ్లు ఆనే కోనుల మీద గుంటలు పడి ఉంటే మార్చి, కొత్త గుండ్లను గ్రీజులో పేర్చాలి. పాతవాటిలో కొత్తవి కలపకూడదు. కోను బిగింపు సరిపోయిందనడానికి నమ్మదగిన పరీక్ష ఒకటుంది: చక్రాన్ని గాలిలో పట్టుకుని వాల్వు పక్కకు వచ్చేటట్టు వదిలితే, ఆ వాల్వు బరువుకే చక్రం తనంతట తాను తిరిగి వాల్వు అడుగుకు చేరాలి, రిమ్మును పట్టుకుని ఊపితే ఆట ఉండకూడదు. చైను విషయంలో ఒక పిన్ను నుంచి, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, దాని తర్వాతి 24వ పిన్నుదాకా కొలిస్తే 12 అంగుళాలు ఉండాలి. 12⅛ దాటితే చైనుతోపాటు ఫ్రీవీలును కూడా మార్చడమే మేలు.

రంగును మాత్రం ముట్టుకోవద్దని నా సలహా. మెత్తటి తడిగుడ్డతో మురికి తుడిచి, బంగారు గీతలనూ అక్షరాలనూ రుద్దకుండా వదిలేసి, పైన కారుకు పూసే వ్యాక్సు పూస్తే చాలు. క్రోమియం మీది తుప్పు నలిపిన అల్యూమినియం రేకును నీళ్లలో ముంచి రుద్దితే పోతుంది. ఇత్తడి బెల్లుకు పూజాపాత్రలు తోమే చింతపండే సరిపోతుంది. రంగులున్న మెడ బిళ్లకు మాత్రం అది తగదు.

చివరగా బ్రేకులు. రాడ్ బ్రేకుల రబ్బరు కట్టెలు రిమ్ము లోపలి అంచును పట్టుకుంటాయి కనుక రెండు వైపులా ఒకేసారి తాకేటట్టు సర్దాలి. ఇనుప రిమ్ము తడిస్తే పట్టు బాగా తగ్గిపోతుంది, కాబట్టి కార్తీక మాసపు వానల్లో అలిపిరి నుంచి ఊళ్లోకి దిగే వాలులో ఈ బండిని వేగంగా వదలకూడదు. మొదటి రోజు ఒక నాలుగైదు కిలోమీటర్లు తిరుచానూరు రోడ్డులాంటి సమతల దారిలో తొక్కి, ఇంటికి రాగానే కాటర్ పిన్నులను మరోసారి కొట్టి నట్లు బిగించాలి. అవి తొక్కిన తర్వాతనే పూర్తిగా కూర్చుంటాయి.