గది గింగురుమంటుంటే ముందు స్పీకర్లు మార్చకండి
మా పర్లాకిమిడి, గుణుపురం వైపు కొత్త ఇళ్లన్నీ స్లాబు, టైల్స్, నున్నటి గోడలే కాబట్టి ఎంత మంచి స్పీకర్లు పెట్టినా పాట గింగురుమంటుంది. ఖాళీ గదిలో గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి, టర్ర్‌మని సాగిందంటే ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతాట ఆడుతున్నట్టే. మీరు పాటలు వినే కుర్చీలో కూర్చుని, ఇంట్లో ఎవరినైనా పక్క గోడ వెంబడి చిన్న అద్దం జరుపుకుంటూ వెళ్లమనండి, అందులో మీకు స్పీకరు ఎక్కడ కనబడితే అక్కడ పాత చీరల బొంత మడతలు వేసి, గోడకి రెండు మూడంగుళాలు ఎడంగా వేలాడదీయండి. ఆ ఎడం ముఖ్యం, గోడకి అంటించేస్తే పైస్థాయి శబ్దాలు మాత్రమే తగ్గుతాయి. కింద మందపాటి జంపఖానా. కోడిగుడ్ల అట్టలు మాత్రం వద్దు, వాటితో ఒరిగేది పెద్దగా లేదు, పైగా బొద్దింకలు.

బేస్ (పాటలో దుమ్ముదుమ్ముమనే కిందిస్థాయి శబ్దం) సంగతి వేరు, అది బొంతలకి లొంగదు. 12 అడుగుల పొడవున్న గదిలో సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల పక్కన పేరుకుని, సరిగ్గా నడిమధ్యలో దాదాపు మాయమవుతుంది. అందుకని కుర్చీ మధ్యలోనూ వద్దు, గోడకి ఆనించీ వద్దు, కొద్దికొద్దిగా జరుపుతూ అదే పాట మళ్లీ మళ్లీ పెట్టి చూడండి, ఇంట్లోవాళ్లు విసుక్కుంటారనుకోండి.