క్లినికల్ ట్రయల్లో చేరమన్నారా? సంతకానికి ముందు, తర్వాత చూసుకోవాల్సినవి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో పెద్ద జబ్బు వచ్చిందంటే ఎక్కువమంది రైలెక్కి విశాఖ వెళ్తారు. మిగతావాళ్లు బరంపురం ఎంకేసీజీకో, కోరాపుట్ మెడికల్ కాలేజీకో వెళ్తారు. ఏ పెద్దాసుపత్రిలోనైనా ఓపీలో డాక్టరు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అడగొచ్చు: ‘మీ జబ్బుకు కొత్త మందు మీద స్టడీ జరుగుతోంది, చేరతారా?’ చేరొచ్చు, మానొచ్చు. ఏదైనా సరే, అదే రోజు అక్కడికక్కడే జవాబు చెప్పనక్కర్లేదు. కాగితాలు ఇంటికి తెచ్చుకుని, చదివించుకుని, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకున్నాకే చెప్పండి. ఆ గడువు అడగడం మీ హక్కు. ‘ఇవాళ సంతకం పెట్టకపోతే చోటు పోతుంది’ అని తొందరపెట్టేవాళ్లుంటే ఆ తొందర ఎందుకో ముందు తేల్చుకోండి.

అసలు ఏం జరుగుతుంది

కొత్త మందును మనుషుల మీద దశలవారీగా పరీక్షిస్తారు, దీన్నే క్లినికల్ ట్రయల్ అంటారు. ఫేజ్ 1లో కొన్ని పదులమందికి, ఎక్కువగా ఆరోగ్యవంతులకు, చిన్న మోతాదులు ఇచ్చి ఒళ్లు ఎంతవరకు తట్టుకుంటుందో చూస్తారు. క్యాన్సర్ మందులైతే ఈ దశలోనే రోగులకు ఇస్తారు. ఫేజ్ 2లో ఆ జబ్బున్న వంద, రెండు మూడు వందలమందిలో పనిచేస్తుందా, ఎంత మోతాదు అన్నది చూస్తారు. ఫేజ్ 3లో వందలు, వేలమందిలో ఇప్పుడున్న మందుతో పోల్చి చూస్తారు. అమ్మకానికి వచ్చాక జరిగేది ఫేజ్ 4. మిమ్మల్ని అడిగింది ఏ ఫేజో తప్పకుండా కనుక్కోండి. ఫేజ్ 1లో జబ్బు తగ్గించడం ముఖ్య ఉద్దేశం కాదు. అది తెలియక ఆశ పెట్టుకుని చేరినవాళ్లే తర్వాత ఎక్కువ బాధపడతారు.

మామూలుగా డాక్టరు మీ ఒంటి తీరు చూసి మందు మారుస్తారు, మోతాదు మారుస్తారు. ట్రయల్లో మోతాదు, రోజులు, రక్తపరీక్షలు అన్నీ ప్రోటోకాల్ అనే పుస్తకంలో ముందే రాసి ఉంటాయి. చాలా ట్రయల్స్‌లో ఎవరికి కొత్త మందు, ఎవరికి పాత మందు లేదా ప్లాసిబో అన్నది కంప్యూటర్ లాటరీ తీసినట్టు నిర్ణయిస్తుంది. ప్లాసిబో అంటే చూడ్డానికి మందులాగే ఉండి లోపల మందు లేని మాత్ర. డబుల్ బ్లైండ్ అంటే మీకు ఏది పడిందో మీకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. డాక్టరు మనవాడే కదా, మంచి మందు పడేలా చూస్తారులే అనుకోవద్దు. ఆయన చూడాలనుకున్నా కుదరదు. ప్రాణం మీదకు వస్తే మాత్రం కోడ్ విప్పి ఏ మందు పడిందో చూసే ఏర్పాటు ఉంటుంది. ప్లాసిబో ఉందని తెలిస్తే అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘దానితో పాటు నాకు మామూలు మందు ఇస్తారా, ఆపేస్తారా?’

మీరు చదవగల భాషలో కాగితం

సరిహద్దు జిల్లాల్లో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. మన దగ్గర చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ బడిలో ఒడియా చదువుకున్నారు. విశాఖ ఆసుపత్రిలో తెలుగు ఫారం ఇస్తే మాట అర్థమవుతుంది, అక్షరం రాదు. బరంపురంలో ఒడియా ఫారం ఇస్తే పెద్దవాళ్లకు అదీ రాదు. అప్పుడు పక్కన ఉన్న వార్డు బాయో, నర్సో చూసి ఒక్క ముక్కలో ‘మంచి మందు ఇస్తారట, సంతకం పెట్టండి’ అని చెప్పేస్తారు. ఇరవై పేజీల విషయం ఆ ఒక్క ముక్కలో పట్టదు.

దేశంలో ఇప్పుడున్న నిబంధనలు 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు. పాల్గొనేవాళ్లకు అర్థమయ్యే మామూలు భాషలోనే సమాచారం ఇవ్వాలని అవి చెబుతాయి. కాబట్టి ఫారం ఏ భాషల్లో ఉందో అడిగి, మీరు చదివే భాషలోది తీసుకోండి. చదవడం రాకపోతే మొదటినుంచి చివరిదాకా పక్కన ఒక నిష్పక్షపాత సాక్షి కూర్చుని వినాలి, సంతకం పెట్టాలి. ఆ సాక్షి ట్రయల్ జట్టులో మనిషి కాకూడదు. మీకు నమ్మకమైనవాళ్లను వెంట తీసుకెళ్లండి. కొత్తగా తయారైన రసాయన మందుల ట్రయల్స్‌లో, తమను తాము కాపాడుకోలేని స్థితిలో ఉన్నవాళ్ల దగ్గర సమ్మతి తీసుకుంటుంటే ఆ మాటామంతీ అంతా వీడియో తీయాలి. కెమెరా పెట్టారని కంగారు పడకండి, రేపు ఏదైనా తేడా వస్తే మీకు ఏం చెప్పారన్న దానికి అదే రుజువు.

విన్న తర్వాత ఇలా చేయండి: ‘మీరు చెప్పింది నాకు అర్థమైనట్టు తిరిగి చెప్తాను, తప్పుంటే దిద్దండి’ అని మీ మాటల్లో చెప్పండి. మందు పేరు, ఎన్ని నెలలు, ఎన్నిసార్లు రావాలి, ఎంత రక్తం తీస్తారు, ఏ ఇబ్బందులు రావచ్చు, చేరకపోతే మీకున్న వేరే వైద్యం ఏమిటి, ఈ ఆరూ మీ నోట సరిగ్గా వస్తే అర్థమైనట్టే. పొలం రిజిస్ట్రేషన్ కాగితం చదివించుకోకుండా వేలిముద్ర వేయం, ఇదీ అంతే.

సమ్మతి పత్రంలో ఐదు గడులుంటాయి, ఒక్కోదాని పక్కన పొట్టి సంతకం పెట్టాలి. మొదటిది, ఫలానా తేదీ నాటి సమాచార పత్రం చదివి అర్థం చేసుకున్నానని, ప్రశ్నలు అడిగే అవకాశం దొరికిందని. రెండోది, ఇష్టపూర్వకంగా చేరుతున్నానని, కారణం చెప్పకుండా ఎప్పుడైనా మానేయవచ్చని, మానేసినా నా వైద్యానికీ చట్టబద్ధ హక్కులకూ భంగం రాదని. మూడోది, కంపెనీవాళ్లు, పాల్గొనేవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ, ప్రభుత్వ అధికారులు నా వైద్య రికార్డులు చూడవచ్చని, నేనెవరో మాత్రం బయటపెట్టరని. నాలుగోది, ఈ స్టడీ సమాచారాన్ని శాస్త్రీయ పనికి వాడుకోనిస్తానని. ఐదోది, చేరడానికి ఒప్పుకుంటున్నానని. ‘అన్నీ ఒకటే, అన్నిటి మీదా గీసేయండి’ అంటే ఆగి, ఒక్కో గడి చదివించుకోండి.

ఆ పత్రంలోనే వృత్తి, ఏడాది ఆదాయం, నామినీ పేరు, చిరునామా, మీకు ఏమవుతారు అన్న గళ్లూ ఉంటాయి. ఇవి నష్టపరిహారానికి సంబంధించినవి. నామినీ గడి ఖాళీగా వదిలేస్తే రేపు కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. మన దగ్గర ఒకే మనిషి పేరు ఒడియా కార్డులో ఒకలా, తెలుగు కాగితంలో ఒకలా ఉండటం మామూలే, అక్కడే పేచీ వస్తుంది. సంతకాలయ్యాక నింపిన సమ్మతి పత్రం, సమాచార పత్రం రెండింటి ప్రతులూ మీ చేతికి రావాలి. అడిగి తీసుకోండి. అవి లేకుండా ఇంటికి రావద్దు.

పిల్లల విషయంలో తల్లిదండ్రులే సంతకం పెట్టాలి. ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుదలా అడగాలి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు కూడా, ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో ఎన్నో సమ్మతి పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. ఆ టీకా మంచిచెడ్డల సంగతి వేరు. అమ్మానాన్నల సంతకం ఇంకొకరు పెట్టడం మాత్రం ఏ టీకాకైనా తప్పే. మీ పిల్లలు ఆశ్రమ పాఠశాలలో ఉంటే ఈ మాట వార్డెన్‌తో ముందే చెప్పి ఉంచండి.

నిజమైన ట్రయలా కాదా

ప్రతి ట్రయలూ మొదటి మనిషి చేరకముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. దాన్ని సీటీఆర్‌ఐ అంటారు. 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. నంబరు ‘సీటీఆర్‌ఐ’, తర్వాత ఏడాది, నెల, వరుస సంఖ్య అన్న క్రమంలో ఉంటుంది. ఆ నంబరు అడిగి రాసుకుని, ఫోన్లో సీటీఆర్‌ఐ సైటు తెరిచి ట్రయల్ సెర్చ్‌లో కొట్టండి, లేదా ఇంట్లో కాలేజీ పిల్లల చేత కొట్టించండి. పేజీలో చూడాల్సినవి: మీ ఆసుపత్రి పేరు స్టడీ జరిగే చోట్లలో ఉందా, మీ డాక్టరు పేరు ఉందా, ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా, కొత్త మందైతే డీసీజీఐ, అంటే కేంద్ర ప్రభుత్వ మందుల నియంత్రణ అధికారి, అనుమతి ఉందా, ఇంకా మనుషుల్ని చేర్చుకుంటున్నారా.

ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వాళ్లలో కనీసం సగం మంది ఆ సంస్థకు సంబంధం లేనివాళ్లు, ఒక లాయరు, ఒక సామాన్య పౌరుడు, ఒక మహిళ తప్పనిసరి. ఆసుపత్రికి సొంత కమిటీ లేకపోతే అదే ఊళ్లోనిది గానీ, 50 కిలోమీటర్ల లోపలిది గానీ అనుమతివ్వాలి. జయపురంలోనో రాయగడలోనో జరిగే ట్రయల్‌కు ఎక్కడో దూరపు నగరంలో కమిటీ పేరు చెబితే ఇది గుర్తుంచుకుని అడగండి.

డబ్బు అడిగితే మాత్రం లేచి వచ్చేయండి. పరీక్షలో ఉన్న మందుకు, ఆ ట్రయల్ కోసమే చేసే పరీక్షలకు మీరు పైసా కట్టనక్కర్లేదు. లక్షలు తీసుకుని మోకాళ్లకో, ఆటిజానికో, పక్షవాతానికో స్టెమ్ సెల్స్ ఎక్కించి దాన్ని ‘ట్రయల్’ అనేవాళ్లు ఉంటారు. అది ట్రయల్ కాదు.

మరో రకం పిలుపు కుర్రాళ్లకు వస్తుంది: నాలుగు రోజులు ఉండి మాత్ర మింగి రక్తమిస్తే ఇన్ని వేలు అని. అవి ఎక్కువగా బయోఈక్వివలెన్స్ స్టడీలు, అంటే ఒక కంపెనీ మాత్ర ఇప్పటికే ఉన్న మాత్రలాగే ఒంటికి పడుతుందా అని చూసేవి, చట్టబద్ధమైనవే. ప్రమాదం ఎక్కడంటే ఏజెంటు మాట విని ఒకదాని తర్వాత ఒకటి వెంటవెంటనే చేయడంలో. రెండు స్టడీలకు నడుమ సాధారణంగా మూడు నెలల ఎడం పెడతారు. అది దాచి ఇంకోచోట చేరితే ఒంట్లో రెండు మందులు కలుస్తాయి, రక్తం తగ్గిపోతుంది, ఏం జరిగినా ఏ మందు వల్లో ఎవరూ చెప్పలేరు.

ఇక కిడ్నీ జబ్బు ఎక్కువని ఉద్దానం, గంజాం వైపు ఎవరైనా ఇంటికొచ్చి రక్తం, మూత్రం తీసుకెళ్తే అది చాలావరకు సర్వే, మందు పరీక్ష కాదు. అయినా సమ్మతి తీసుకోవాలి, ఫలితం మీకు చెప్పాలి.

చేరిన తర్వాత

మొదటి రోజే ఒక కార్డు ఇస్తారు. స్టడీ పేరు, డాక్టరు ఫోను, అత్యవసర నంబరు దాని మీద ఉంటాయి. ఆధార్‌తో పాటు జేబులో పెట్టుకోండి, ఫోటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్లలోనూ ఉంచండి. రాత్రి పూట కళ్లు తిరిగి పడిపోతే తీసుకెళ్లేది విశాఖకు కాదు, దగ్గర్లోని ఆసుపత్రికి. అక్కడి డాక్టరుకు ఆ కార్డే దారి చూపుతుంది.

ప్రతి విజిట్‌కూ రెండు మూడు రోజుల అటూ ఇటూ గడువు ఇస్తారు. రైలు, బస్సు టిక్కెట్లు దాచండి, ప్రయాణ ఖర్చు ఇస్తామని రాసి ఉంటే అవి కావాలి. పరగడుపున రక్తం ఇవ్వాల్సి ఉంటే రాత్రి ప్రయాణంలో టీ, బిస్కెట్ కూడా తినకూడదు. షుగరు మందు వాడేవాళ్లు ఈ ఉపవాసం గురించి ముందే అడగాలి. ఖాళీ స్ట్రిప్పులు, మిగిలిన మాత్రలు పారేయకండి, లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటారు. ఆ మాత్ర ఇంకెవరికీ ఇవ్వొద్దు, ఇంట్లో అదే జబ్బున్న అన్నకైనా సరే.

ఎక్కువగా చెడేది ఇక్కడ: ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు వేసిన నొప్పి ఇంజక్షన్, షాపులో కొన్న యాంటీబయోటిక్, గిరిజన ఊళ్ల నాటువైద్యుడు దిశారి ఇచ్చిన వేరుమందు. ఇవి చెబితే ట్రయల్ నుంచి తీసేస్తారేమోనని దాస్తారు. దాస్తే కాలేయం పరీక్ష తేడా చూపించినప్పుడు కారణం దొరకదు. దెబ్బతినేది మీ ఒళ్లే, అందుకే తేదీతో సహా చెప్పేయండి. గర్భం వచ్చే వయసులో ఉన్న స్త్రీలకు ప్రెగ్నెన్సీ పరీక్ష, గర్భనిరోధకం గురించి షరతులుంటాయి. నెల తప్పితే అదే రోజు ఫోన్ చేయాలి.

ఏదైనా జరిగితే

ఆసుపత్రిలో చేరాల్సి రావడం, ప్రాణాపాయం, శాశ్వత వైకల్యం, మరణం వంటివి తీవ్ర సంఘటనలు. ట్రయల్ డాక్టరు 24 గంటల్లో వాటిని డీసీజీఐకి, స్పాన్సరుకు (ట్రయల్ చేయిస్తున్న కంపెనీకి), ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. ఆయనకు తెలియాలంటే ముందు మీరు చెప్పాలి. అడ్మిట్ అయిన పూటే ఫోన్ చేయండి, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, స్కానులు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. ట్రయల్లో ఉండగా గాయమో జబ్బో వస్తే, అవసరమైనన్నాళ్లు, లేదా అది ట్రయల్ వల్ల కాదని తేలేదాకా, స్పాన్సరే ఉచితంగా వైద్యం చేయించాలి.

ట్రయల్ వల్లే అని తేలితే నష్టపరిహారం వేరే. మరణానికి లెక్క ఇది: 8 లక్షల్ని వయసు అంకెతో, రిస్కు అంకెతో గుణించి 99.37తో భాగిస్తారు. వయసు అంకె 16 ఏళ్లు, అంతలోపు వారికి 228.54, వయసు పెరిగేకొద్దీ తగ్గుతూ 65 దాటితే 99.37. రిస్కు అంకె ఆరు నెలలకు మించి బతకరనుకునే రోగికి 0.5, పూర్తి ఆరోగ్యవంతుడికి 4. అంటే 65 దాటిన బాగా జబ్బుపడ్డ మనిషికి 4 లక్షలు, పదహారేళ్ల ఆరోగ్యవంతుడికి దాదాపు 73.6 లక్షలు. 30 రోజుల్లో మరణించే అవకాశం 90 శాతం, ఆపైన ఉన్న రోగులకు మాత్రం 2 లక్షలే. ఆదేశం వచ్చిన 30 రోజుల్లో చెల్లించాలి. వైద్యం నిరాకరించినా, మాట దాటవేసినా మీ సమాచార పత్రంలో ఉన్న ఎథిక్స్ కమిటీ నంబరుకు ఫోన్ చేసి, ఫిర్యాదు కాగితం మీద రాసి ఇచ్చి, ఒక ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

మానేయాలనుకుంటే, ముగిసిపోతే

మానేస్తానని ఒక్కమాట చెబితే చాలు. కానీ మందు ఉన్నపళంగా ఆపేయకుండా డాక్టరుకు చెప్పి ఆపండి, కొన్ని మందులు కొద్దికొద్దిగా తగ్గించాలి. చివరి రక్తపరీక్ష చేయించుకోవడం మీకే మంచిది.

మందు బాగా పనిచేసి, ఆ జబ్బుకు వేరే వైద్యం లేకపోతే, ట్రయల్ ముగిశాక కూడా దాన్ని ఉచితంగా ఇచ్చే వీలు నియమాల్లో ఉంది. దానికి డాక్టరు సిఫారసు, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ తర్వాత వచ్చే ఇబ్బందులకు స్పాన్సరుకు బాధ్యత ఉండదని మీరు రాసివ్వాల్సి ఉంటుంది. ఇది ముగిశాక కాదు, చేరేటప్పుడే అడగండి. చివరి విజిట్‌లో మీకు ఏ మందు పడిందో ఎప్పుడు చెబుతారో, పాత మందు ఏ రోజు నుంచి ఎంత మోతాదులో మొదలుపెట్టాలో రాయించుకుని, ఆ చీటీ మీ ఊళ్లో చూసే డాక్టరుకు చూపించండి.