సవతి పిల్లల మధ్య ఇంటి వాటా తగాదా: దావాకు ముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు ఇలా

తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. పెద్దభార్య పిల్లలు ఒకవైపు, చిన్నభార్య పిల్లలు ఇంకోవైపు, మధ్యలో ఒక్కటే ఇల్లు. తాళంచెవి ఎవరి దగ్గరుంటే ఇల్లు వాళ్లదే అన్నట్టు కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత మాటలు ఆగిపోతాయి. పార్టిషన్ దావా, అంటే వాటాలు పంచమని కోర్టులో కేసు, వేసే ముందు ఇంకో దారి చూడొచ్చు. ఇల్లు ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుంటే, కోర్టు ఫీజు లేకుండా ప్రీ-లిటిగేషన్ (దావాకు ముందు) కేసుగా లోక్ అదాలత్‌లో, అంటే రాజీ కుదిర్చే వేదికలో, రాజీకి ప్రయత్నిస్తారు.

వెళ్లేముందు ఎవరి వాటా ఎంతో లెక్క చూసుకోండి. ఇల్లు తండ్రి స్వార్జితమైతే (తాను సంపాదించుకున్నదైతే), 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇద్దరు భార్యల పిల్లలకూ సమాన వాటా, ఆడపిల్లలతో సహా. మొదటి భార్య పోయాక రెండో పెళ్లి జరిగి, రెండో భార్యకో కూతురు, మొదటి భార్యకు ఇద్దరు కొడుకులు ఉన్నారనుకోండి. బతికున్న రెండో భార్యతో కలిపి నలుగురు, తలా పావు వంతు. తండ్రి తల్లి బతికుంటే ఆమెకూ ఒక వాటా. మొదటి భార్య ఉండగానే రెండో పెళ్లి చేసుకుంటే రెండో భార్యకు వాటా రాదు, ఆమె పిల్లలకు మాత్రం వస్తుంది. ఈ తేడా తెలియకే సగం గొడవలు. ఇల్లు సవతి తల్లి పేరు మీద ఉంటే మాత్రం లెక్క మారుతుంది, ఆమె కన్నపిల్లలు, భర్త ముందు వస్తారు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వేరే చట్టాలు.

జిల్లా కోర్టు ఆవరణలో ఈ సంస్థ ఆఫీసు ఉంటుంది. దూరమైతే దగ్గర్లో కోర్టు ఉన్న ఊళ్లోని మండల న్యాయ సేవాధికార కమిటీలో అడగండి. 15100కి ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. తెల్ల కాగితం మీద తెలుగులో రాసిచ్చినా సరిపోతుంది. ఇంటి నంబరు, హద్దులు, ఎవరి పేరు మీద ఉంది, ఇప్పుడు ఎవరు ఉంటున్నారు, మీరు ఏం కోరుతున్నారు, ఇంతే. పాత కోపాలన్నీ నాలుగు పేజీలు రాయకండి, ఎవరూ చదవరు.

అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సింది వంశవృక్షం. పైన తండ్రి పేరు, కింద ఇద్దరు భార్యలు, ఒక్కొక్కరి కింద పిల్లలు, చనిపోయినవాళ్ల పక్కన తేదీ. పెళ్లయి వెళ్లిపోయిన అక్కను, ఎప్పుడూ రాని తమ్ముణ్ణి వదిలేయాలనిపిస్తుంది. వద్దు. సంతకం పెట్టని వాటాదారుణ్ణి ఆ రాజీ కట్టిపడేయదు, పదేళ్ల తర్వాత అతనొచ్చి దావా వేస్తే మళ్లీ మొదటికే. మైనరు ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.

జతచేయాల్సినవి: మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి దస్తావేజు నకలు, ఈసీ (ఇంటి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలు చూపే పత్రం), ఇంటిపన్ను రసీదు, ఆధార్. సక్సెషన్ సర్టిఫికెట్ కోసం తిరగనక్కర్లేదు. అది బ్యాంకు డబ్బు, అప్పుల బాకీల వంటివాటికే, ఇంటికి పనికిరాదు. పన్ను రసీదు మీద అన్న పేరుంటే ఇల్లు అన్నదైపోదు కూడా.

అర్జీ తీసుకున్నాక అవతలివాళ్లకు నోటీసు వెళ్తుంది. వాళ్లు రాకపోయినా, ఒప్పుకోకపోయినా బలవంతం లేదు, అప్పుడు సివిల్ కోర్టే దిక్కు. ఎవరైనా ఇల్లు అమ్మేసే పనిలో ఉంటే లోక్ అదాలత్ కోసం ఆగొద్దు, అమ్మకం ఆపే ఉత్తర్వు (ఇంజంక్షన్) కోర్టే ఇవ్వాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇదే సంస్థ ఇస్తుంది.

రాజీ కుదిరితే అందరి సంతకాలతో అవార్డు (రాజీ షరతులు రాసిన తీర్పు పత్రం) రాస్తారు. అది సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే ప్రతి వాక్యం చదివించుకుని సంతకం పెట్టండి. చిన్న ఇంటిని నాలుగు ముక్కలు చేయలేరు, మామూలుగా ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకు డబ్బిస్తారు. ఎంత, ఏ తేదీకి, ఇవ్వకపోతే ఏంటి, తల్లి బతికున్నన్నాళ్లు ఏ గదిలో ఉంటుంది, తాళంచెవి ఎప్పుడు చేతులు మారుతుంది, అన్నీ అందులోనే ఉండాలి. స్టాంపు, రిజిస్ట్రేషన్ సంగతి కూడా అక్కడే అడిగి తెలుసుకుని, అవార్డు కాపీతో ఇంటిపన్నులో పేరు మార్పుకు పెట్టుకోండి.