విండోస్‌లో ఇన్‌బిల్ట్ యాప్స్ పీకేసే ముందు ఇవి చూస్కోండి

కొత్త సిస్టమ్ ఆన్ చేయగానే నెట్‌లో దొరికిన డీబ్లోట్ స్క్రిప్ట్ (అక్కర్లేని యాప్స్‌ని ఒకేసారి తీసేసే కమాండ్ల ఫైల్) ఏదో తెచ్చి అడ్మిన్‌గా రన్ చేసేస్తారు చాలామంది, అందులో ఏముందో ఒక్కరూ చదవరు. గేమ్స్, వెదర్, న్యూస్ పోతే ఏం కాదు, రైట్ క్లిక్ కొట్టి అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి, కావాలంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో మళ్లీ దొరుకుతాయి. తంటా అంతా వేరేవాటికి ఆసరాగా ఉండేవాటితోనే.

విండోస్‌తో వచ్చే బ్రౌజర్ ఎడ్జ్ సంగతే చూడండి. నేను క్రోమ్ వాడతా ఇదెందుకు అని బలవంతంగా పీకేస్తారు, కొన్ని స్క్రిప్టులు పనిలో పనిగా వెబ్‌వ్యూ2 రన్‌టైమ్‌ని కూడా లేపేస్తాయి, అది బ్రౌజర్ కాదండీ, వేరే యాప్స్ తమ విండోలో వెబ్ పేజీలు చూపించడానికి వాడుకునే ఇంజిన్, కొత్త అవుట్‌లుక్, టీమ్స్, విడ్జెట్స్ దాని మీదే నడుస్తాయి. తర్వాతెప్పుడో అవుట్‌లుక్ తెరుచుకోకపోతే, ఎడ్జ్ తీసేసినందుకే ఇలా అయిందని ఎవరికి తడుతుంది?

స్టోర్ జోలికి అస్సలు పోకండి. ఫొటోస్, కాలిక్యులేటర్‌కి కూడా అప్‌డేట్స్ అక్కణ్ణుంచే వస్తాయి.

స్క్రిప్ట్ వాడే తీరాలంటే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. యాప్ పేరు బదులు స్టార్ గుర్తు ఒక్కటే ఉంటే అది దొరికిందల్లా ఊడ్చేస్తుంది, ఆ లైన్ కొట్టేయండి. ప్రొవిజన్డ్ అనే మాట ఉన్న లైన్లు ఇంకో రకం, వాటితో రేపు కొత్త యూజర్ అకౌంట్ పెట్టినా అందులో ఆ యాప్ రాదు.

సీ డ్రైవ్ నిండిపోయిందని విన్‌ఎస్ఎక్స్ఎస్ (WinSxS, విండోస్ తన సిస్టమ్ ఫైల్స్ దాచుకునే చోటు) ఫోల్డర్‌లో ఫైల్స్ చేత్తో డిలీట్ చేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లకో దండం. అప్‌డేట్స్, రిపేర్ రెండూ దాన్నే నమ్ముకుని ఉంటాయి, పైగా హార్డ్ లింకుల (ఒకే ఫైల్ రెండుమూడు చోట్ల కనిపించేలా చేసేవి) వల్ల అది ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. డిస్క్ క్లీనప్ ఉందిగా, అది వాడండి.

తీసేముందు ఫైల్స్ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేస్కోండి, సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసి రిస్టోర్ పాయింట్ పెట్టండి, ఏదైనా చెడితే సిస్టమ్‌ని మళ్లీ ఆ స్థితికి తెచ్చుకోవచ్చు. ఒక్కొక్కటే తీయండి, రీస్టార్ట్ చేసి కొన్నాళ్లు వాడి చూసి తర్వాతదానికి వెళ్లండి. అడ్డంగా ఉందన్నదే బాధైతే అన్‌పిన్ చేసి స్టార్టప్‌లో ఆఫ్ చేస్తే సరిపోతుంది కదా.

ఇప్పటికే చెడిందా? కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి, విండోస్‌ని రిపేర్ చేసే డిజం రిస్టోర్‌హెల్త్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth) కొట్టండి, అది అయ్యాక పాడైన సిస్టమ్ ఫైల్స్ సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow). అయినా దారికి రాకపోతే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైల్) దించి, విండోస్ నడుస్తుండగానే అందులో సెటప్ రన్ చేసి ఫైల్స్, యాప్స్ ఉంచమని టిక్ పెట్టండి, ఫార్మాట్ దాకా పోనక్కర్లేదు.